తుంటి ఎముక ఆడదా మగదా: కంటితో తేల్చాలా, కంప్యూటర్‌తోనా?

ఎముకలడబ్బా: ఎంబీబీఎస్‌లో ఫోరెన్సిక్ బట్టీ పట్టినవాళ్ళకి ఎముక చూసి ఆడో మగో చెప్పే క్రాగ్‌మన్ లెక్క గుర్తుండే ఉంటుంది. పెల్విస్, అంటే తుంటి ఎముకల గూడు, దొరికితే 95 శాతం కరెక్ట్, పొడవు ఎముకలే దొరికితే 80. ఇప్పుడేమో ఎముక మీద పాయింట్లు గుర్తించి, సైజు తీసేసి, ఆకారం ఒక్కటే పోల్చే జామెట్రిక్ మార్ఫోమెట్రిక్స్ అంటున్నారు. దీనివల్ల కొత్తగా ఒరిగిందేంటి?

గోదారిగట్టు: చాలానే. కొలతలే నమ్ముకుంటే భారీ మనిషైన ఆడావిడ మగలెక్కలో పడిపోతుంది. పోనీ కంటితో చూద్దామా? తుంటి ఎముక వెనక ఉండే వంపు, అదే సయాటిక్ నాచ్, వెడల్పుగా ఉంటే ఆడ, ఇరుకుగా ఉంటే మగ అంటాం. ఎంతుంటే వెడల్పు? ఇద్దరు డాక్టర్లనడిగితే రెండు జవాబులు. ఆ వంపు మీద పాయింట్లు పెడితే ఈ గొడవ తగ్గుతుంది.

ఎముకలడబ్బా: పాయింట్లు పెట్టేదీ కన్నే కదండీ! నా వైవాలో నేను నాచ్ చూసి ఆడ అన్నాను. ఎగ్జామినర్ పుర్రె తిప్పి, కనుబొమల గట్టు చూపించి మగ అన్నాడు. ఎవరు కరెక్టో ఇప్పటికీ తేలలేదు, మార్కులు మాత్రం పోయాయి.

చిట్టిరాణి: ఆ మార్కుల కథ ఇది మూడోసారి సార్.

గోదారిగట్టు: స్వీడన్‌లోని బిర్కాలో 1878లో ఒక సమాధి తవ్వారు. కత్తి, గొడ్డలి, రెండు గుర్రాలు. ఇంకేముంది, మగ యోధుడన్నారు. ఎముకలు ఆడవే అని తర్వాత పరీక్షించినవాళ్ళు చెప్పినా నమ్మనివాళ్ళు నమ్మలేదు. 2017లో డీఎన్ఏ ఆడమనిషే అని తేల్చింది.

ఎముకలడబ్బా: నేననేదీ అదేగా! అక్కడ నెగ్గింది కంటితో చూసిన ఎముక, మీ సాఫ్ట్‌వేర్ కాదు.

కొత్తగాచేరా: చిన్నపిల్లల ఎముకలైతే?

గోదారిగట్టు: ఈడు రాకముందు ఆకారంలో తేడా సరిగా తేలదు. చెప్పలేం అనడమే మర్యాద.

ఎముకలడబ్బా: ఇదిగో, నాకు మండేది ఇక్కడే! "చెప్పలేం" అని మీరు పేపర్లో రాసుకోండి. మార్చురీ బయట ఎస్ఐ నిలబడి ఉంటాడు. తప్పిపోయినవాళ్ళ లిస్టులో సగం పేర్లు కొట్టేయడానికి ఆయనకి నా మాట కావాలి.

గోదారిగట్టు: కొట్టేసిన సగంలోనే ఆ మనిషి ఉంటే? ఇక వెతికేవాడుండడు. మీ 95 శాతం అమెరికాలో, క్లీవ్‌ల్యాండ్‌లో దాచిన ఎముకల మీద వేసిన లెక్క. మన ఎముకలకి గీత ఎక్కడ గీయాలో మనం కొలిచి చూసుకోవాలి.

ఎముకలడబ్బా: అందాకా రిపోర్టు ఖాళీగా వదిలేయమంటారా?

గోదారిగట్టు: "ఆడ కావచ్చు" అని రాయండి.

ఎముకలడబ్బా: మా ఫారంలో రెండే గళ్ళున్నాయండీ.