కాకినాడ రేవులో బోటెక్కి పక్షులు చూడాలంటే?

హైదరాబాద్ అల్లుడు:
జనవరిలో అత్తారింటికి కాకినాడ వస్తున్నాం. కోరింగ మడ అడవిలో చెక్క వంతెన మీద రెండుసార్లు నడిచాను. ఈసారి బోటులో రేవు వైపు తిరిగి గల్ పక్షుల్ని చూడాలని ఉంది. ఆ ట్రాలర్లు, బార్జీల రద్దీలో పక్షులుంటాయా? 150-600 లెన్సు, ట్రైపాడ్ తెచ్చుకోనా?

ఉప్పుటేరు ఒడ్డు:
ట్రైపాడ్ ఇంట్లోనే పెట్టి రండి. ఇంజన్ అదురంతా దాని కాళ్ళ మీదుగా కెమెరాకి ఎక్కేస్తుంది. ఎనిమిది రెట్లు పెద్దగా చూపించే 8x42 బైనాక్యులర్ చాలు. పది రెట్లది (10x) అయితే బోటు ఊపుకి కళ్ళు తిరుగుతాయి.

రద్దీ ఉంది కాబట్టే పక్షులున్నాయండి. వేట ముగించుకుని బోట్లు ఏటిమొగ వైపు వచ్చేటప్పుడు వలలు దులుపుతుంటారు. పనికిరాని చేప నీళ్ళలో పడగానే వెనకాల గల్స్ గుంపు, పైన గరుడ పక్షులు. నేనెళ్ళే బోటు సరంగు గరుడ పక్షి కనపడితే ఒక చెయ్యి చుక్కాని మీదే ఉంచి రెండో చేత్తో లెంపలేసుకుంటాడు. అదే పక్షి బుట్టలో చేప తన్నుకుపోతే మాత్రం ఆయన తిట్లు ఇక్కడ రాయలేను.

బార్జీల దగ్గర ఆశ పెట్టుకోకండి. లంగరేసిన ఓడలకి బియ్యం బస్తాలు మోసే వాటి మీద పావురాలు, కాకులే ఎక్కువ.

అక్కడ ఎక్కువగా కనిపించేది బ్రౌన్ హెడెడ్ గల్. బ్లాక్ హెడెడ్ అని పొరబడతారు, శీతాకాలంలో రెండింటికీ తల తెల్లగానే ఉంటుంది, చెవి దగ్గరో మచ్చ. రెక్క చివర చూడండి: నలుపులో గుండ్రంగా తెల్ల మచ్చలుంటే బ్రౌన్ హెడెడ్. బాగా ఎదిగిన పక్షి అయితే కన్ను కూడా లేతరంగులో, కాస్త కోపంగా ఉన్నట్టుంటుంది. ఇంజన్ ఆపేసి బోటుని కొట్టుకుపోనిస్తే అవే దగ్గరికొస్తాయి.

ఆటుపోట్లు కనుక్కోకుండా మాత్రం బయల్దేరకండి. ఓసారి ఆటులో బురద మీద ఇరుక్కుని మూడు గంటలు కూర్చున్నాను. నీళ్ళ సీసా అడుగంటింది, ఎదురుగా స్కిమ్మర్లు (ముక్కుతో నీళ్ళు చీలుస్తూ చేపలు పట్టే పక్షులు) మాత్రం హాయిగా నిద్రపోతున్నాయి!

కుంభాభిషేకం దారి:
అన్నయ్యగారు చెప్పిందానికి ఒక్కటే కలుపుతా. పోర్టు గోడల వైపు, ఓడల వైపు లెన్సు తిప్పకండి, ఎవరైనా అడిగితే జవాబు చెప్పుకోలేం. పక్షులు ఓడ మీద వాలినా సరే, కళ్ళతో చూసి ఊరుకోండి. హోప్ ఐలాండ్ దగ్గర దిగాలంటే ముందే అటవీశాఖ వాళ్ళని అడగండి, చలికాలం చివర్లో తాబేళ్ళు గుడ్లు పెట్టేది ఆ ఇసుకలోనే.

హైదరాబాద్ అల్లుడు:
మా ఆవిడకి బోటు పడదు. వాంతులవుతాయని ఇప్పట్నుంచే టెన్షన్.

ఉప్పుటేరు ఒడ్డు:
హోప్ ఐలాండ్ అడ్డం ఉండబట్టి లోపల అలలు తక్కువేనండి. డీజిల్ పొగే అసలు సమస్య. బోటు ముందు భాగంలో కూర్చోమనండి. ఇంకోటి, టోపీ మర్చిపోకండి. ఎండకి కాదు, గల్స్ నెత్తి మీదే తిరుగుతుంటాయి మరి.