స్కాలప్ ఫ్రెట్‌బోర్డ్ వాయించినవాళ్లు ఉన్నారా? నా గిటార్‌కి చేయించాలా వద్దా?

సన్నతీగ:
అందరికీ నమస్తే. నా దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్న స్ట్రాట్ (ఫెండర్ కంపెనీ ఎలక్ట్రిక్ గిటార్ మోడల్) కాపీ ఒకటి ఉంది. రోజ్‌వుడ్ బోర్డు, 22 ఫ్రెట్లు (బోర్డు మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లు). ఫ్రెట్లు పాత తరహా సన్నవి, అవీ అరిగిపోయి పొట్టిగా తయారయ్యాయి. పదిహేనో ఫ్రెట్ దగ్గర ఫుల్ బెండ్ కొడితే, అంటే స్వరం పెంచడానికి తీగని పక్కకి బాగా తోస్తే, అది వేలి కింద నుంచి జారిపోతోంది. వేలి కొస చెక్కకి రాసుకుని మంట. రాక్ గిటారిస్టు ఇంగ్వే మాల్మ్‌స్టీన్ గిటార్‌కి ఉన్నట్టు ఫ్రెట్ల మధ్య చెక్కని గుంటలుగా తీయించుకో (దాన్నే స్కాలప్ అంటారు), స్పీడ్ కూడా పెరుగుతుంది అని ఒక ఫ్రెండ్ అన్నాడు. నిజమేనా? ప్రతి ఆదివారం చర్చిలో కార్డ్స్ (కొన్ని స్వరాలు ఒకేసారి) వాయిస్తాను, అదీ చూసుకోవాలి.

రాత్రి_రిఫ్:
స్పీడ్ సంగతి మర్చిపో బ్రో. నేను మూడేళ్లుగా పూర్తి స్కాలప్ నెక్ వాడుతున్నాను, నా స్పీడ్ మూడేళ్ల క్రితం ఎంతో ఇప్పుడూ అంతే. బెండ్, వైబ్రాటో (స్వరాన్ని ఊపడం) మాత్రం వేరే లోకం. వేలికి చెక్క తగలదు, తీగ ఒక్కటే తగులుతుంది. పక్కకి తోసేటప్పుడు వేలి కొస తీగ కిందకి కాస్త దూరి దాన్ని పట్టుకుంటుంది, అందుకే జారదు.

ఇబ్బంది కూడా అక్కడే ఉంది. మామూలు బోర్డు మీద ఎంత గట్టిగా నొక్కినా చెక్క ఆపేస్తుంది. ఇక్కడ ఆపేది ఏదీ లేదు. నొక్కిన కొద్దీ తీగ గుంటలోకి దిగుతుంది, స్వరం పైకి పోతుంది. మొదటి వారం రికార్డ్ చేసుకుని వింటే గిటార్ ట్యూన్ చేయలేదేమో అనుకున్నాను. ట్యూనర్ చూస్తే ఓపెన్ తీగలన్నీ కరెక్టే. తప్పు నా ఎడమ చేతిది.

బేస్‌బాబాయి:
నేను కొని ఎనిమిది నెలల్లో అమ్మేశాను. సోలోలకి బాగుంటుంది, కాదనను. కానీ సన్నతీగ గారూ, మీరు వాయించేది కార్డ్స్. ఎఫ్ బారె, అంటే ఒకే వేలిని అడ్డంగా ఆనించే కార్డ్, పట్టుకుంటే చూపుడువేలు ఆరు తీగల్నీ ఒకేలా నొక్కదు కదా. ఒక తీగ ఎక్కువ దిగుతుంది, ఇంకోటి తక్కువ. పక్కన కీబోర్డ్ ఉంటే ఆ తేడా వెంటనే బయటపడుతుంది. మా కీబోర్డ్ అబ్బాయి పాట మధ్యలో నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది.

ఇంకో మాట. స్కాలప్ చేయిస్తే యాక్షన్ (ఫ్రెట్ల మీద తీగల ఎత్తు) తగ్గుతుందని కొందరు అంటుంటారు. తగ్గదు. తీగకి, ఫ్రెట్ తలకి మధ్య దూరం అంతే ఉంటుంది, కిందున్న చెక్క మాత్రమే పోతుంది.

వీణవారి మనవడు:
బాబాయి గారితో కొంత ఏకీభవిస్తాను, కొంత కాదు. మా అమ్మమ్మ వీణ వాయించేది, నాకు మొదట నేర్పింది తనే. వీణ మెట్లు చూసిన వాళ్లకి స్కాలప్ వింతగా ఏమీ అనిపించదు. దండికి రెండు వైపులా మైనం కట్టలు, వాటి మీద 24 ఇత్తడి మెట్లు. మెట్టుకీ మెట్టుకీ మధ్య వేలికి ఆనేది గాలే. ఒకే మెట్టు మీద తీగని పక్కకి లాగి రెండు మూడు స్వరాలు పలికిస్తారు. గమకాల్లో సగం ఆ లాగుడులోనే ఉన్నాయి. అడుగున చెక్క తగిలితే అంత లాగలేం.

బ్రిటిష్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ కూడా వీణ నేర్చుకున్నాడు. 1970లలో భారతీయ సంగీతకారులతో కలిసి పెట్టిన శక్తి బృందంలో ఆయన వాయించిన అకౌస్టిక్ గిటార్‌కి బోర్డు గుంటలు తీసి ఉంటుంది, అడ్డంగా అనురణన తీగలు (ప్రధాన తీగలతో పాటు మోగేవి) కూడా ఉంటాయి. ఎల్. శంకర్ వయొలిన్ పక్కన కూర్చుని స్వరాన్ని లాగాలంటే మామూలు బోర్డుతో కుదరదు మరి.

గట్టిగా నొక్కే అలవాటు గురించి: అమ్మమ్మ నా వేలి కింద తమలపాకు ముక్క పెట్టి వాయించమనేది. ఆకు నలిగితే మళ్లీ మొదటి నుంచి. ‘తీగ మెట్టుకి తగిలితే చాలురా, దాన్ని మెట్టులోకి దింపక్కర్లేదు’ అనేది. పదేళ్ల తర్వాత స్కాలప్ గిటార్ పట్టుకున్నప్పుడు ఆ మాట అర్థమైంది. నాకు కార్డ్స్‌లో కూడా శ్రుతి పోదు. అది గిటార్ గొప్పతనం కాదు, ఆ తమలపాకుల చలవ.

రాత్రి_రిఫ్:
తమలపాకు 😂 రేపే ట్రై చేస్తా. మాల్మ్‌స్టీన్ కథ కూడా ఇలాంటిదే. కుర్రతనంలో వాయిద్యాలు బాగుచేసే షాపులో పనిచేస్తున్నప్పుడు 17వ శతాబ్దపు ల్యూట్ (పాతకాలపు యూరప్ తీగ వాయిద్యం) ఒకటి వచ్చిందనీ, దాని నెక్ ఇలా గుంటలుగా ఉండటం చూసి తన గిటార్‌కీ చేసుకున్నాననీ చెప్పుకున్నాడు. 1988లో ఫెండర్ ఆయన పేరు మీద తెచ్చిన స్ట్రాట్‌కి మొదటి ఫ్రెట్ నుంచి చివరిదాకా గుంటలే. ఆయన వాడేది చాలా సన్నటి తీగలు, 8 నుంచి మొదలు (అన్నిటికన్నా సన్న తీగ మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో). కొత్తవాళ్లు మాత్రం 10 సెట్‌తో మొదలుపెడితే మేలు. తీగ కాస్త బిగువుగా ఉంటుంది, అదే బలంతో నొక్కినా తక్కువ దిగుతుంది.

సైగాన్_రిటర్న్:
వియత్నాంలో రెండేళ్లు ఉద్యోగం చేశాను. అక్కడ కాయ్ లుయోంగ్ అనే సంగీత నాటకాలకి వాడే గిటార్ చూస్తే మీ స్కాలప్‌లు దాని ముందు గీతల్లా కనిపిస్తాయి. అంత లోతు. ఫ్రెట్ల మధ్య చిన్న పడవలు తవ్వినట్టు ఉంటుంది. వాళ్ల పాటలో స్వరం ఊగాలి, అందుకని మామూలు గిటార్ తీసుకుని తమకి కావలసినట్టు తవ్వుకున్నారు. తీగని పక్కకి లాగడమే కాదు, కిందికి నొక్కి కూడా స్వరాన్ని పైకి తీసుకెళ్తారు. ఇక్కడ అందరూ తప్పు అంటున్నది వాళ్లకి అసలు పనితనం.

ఆకురాయి:
ఇంట్లో నేనే చేశాను. చెడగొట్టుకున్నాను కూడా. అందుకే కాస్త వివరంగా చెప్తాను.

నాలుగు స్క్రూలు విప్పి నెక్ విడిగా తీసుకున్నాను. ప్రతి ఫ్రెట్ మీదా మాస్కింగ్ టేప్ రెండు వరసలు. అర్ధచంద్రాకారపు ఆకురాయితో మధ్యలో లోతుగా, ఫ్రెట్ దగ్గరికి వచ్చేసరికి పల్చగా తీయాలి. తర్వాత లావు మార్కర్ పెన్నుకి సాండ్ పేపర్ చుట్టి నునుపు చేయాలి. రోజ్‌వుడ్ పొడి ముక్కులోకి పోతే తుమ్ములు ఆగవు, మాస్క్ పెట్టుకోండి. ఒక్కో గుంటకి నాకు అరగంట పట్టింది. లోతు ఒకటిన్నర మిల్లీమీటర్ అనుకున్నాను.

పన్నెండో ఫ్రెట్ దాకా సాఫీగా సాగింది. అక్కడ రెండు తెల్ల చుక్కలు ఉంటాయి కదా, అవి పైనుంచి చూస్తే అనిపించేంత మందం ఉండవు. రెండోది ఒక్కసారిగా బిళ్లలా ఊడి చేతిలో పడింది, కింద ఖాళీ గుంత. పక్క అంచున ఉండే చిన్న చుక్కలు కూడా రెండు చోట్ల సగానికి కోసుకుపోయాయి. చూసేవాడికి ఎలుక కొరికినట్టు ఉంది.

రోజ్‌వుడ్ కాబట్టి నూనె రాస్తే సరిపోయింది. మేపుల్ బోర్డు అయితే పైన లక్కర్ ఉంటుంది, అదంతా పోతుంది, మళ్లీ వేయించాలి. ఇక అమ్ముదామంటే సగం ధర కూడా రాదు. తీసిన చెక్క మళ్లీ రాదు మరి.

వీణవారి మనవడు:
మొత్తం తవ్వాల్సిన పని లేదు కూడా. రాక్ గిటారిస్టు స్టీవ్ వాయ్ కోసం ఐబనెజ్ కంపెనీ చేసిన జెమ్ గిటార్‌లో 21 నుంచి 24 దాకా, చివరి నాలుగు ఫ్రెట్లకే స్కాలప్ ఉంటుంది. కింద కార్డ్స్, పైన బెండ్స్. డీప్ పర్పుల్ గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్‌ది ఇంకో పద్ధతి, గుంట లోతు అన్ని తీగల కిందా ఒకటే ఉండదు.

బేస్‌బాబాయి:
అందరూ ఒక విషయం వదిలేశారు. సన్నతీగ గారి ఫ్రెట్లు అరిగిపోయాయని మొదటి పోస్టులోనే రాశారు. ఎలాగూ ఫ్రెట్లు మార్చాల్సిందే. మరి ముందు జంబో ఫ్రెట్లు (లావుగా, ఎత్తుగా ఉండేవి) వేయించండి. డన్‌లప్ 6100 రకం దాదాపు 1.4 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. మీ పాతవి కొత్తగా ఉన్నప్పుడే 1.1 దాటి ఉండవు, ఇప్పుడు ఇంకా తక్కువ. ఎత్తు ఫ్రెట్ వేస్తే వేలికి చెక్క అంతగా తగలదు. మీరు అడుగుతున్న సుఖంలో చాలా భాగం అక్కడే దొరుకుతుంది. నచ్చకపోతే ఫ్రెట్లు మళ్లీ మార్చుకోవచ్చు. స్కాలప్ ముందు చేయించి, తర్వాత ఫ్రెట్లు మార్చడం మెకానిక్‌కి కూడా తలనొప్పే.

సన్నతీగ:
ఐదు వారాల తర్వాత అప్‌డేట్. బాబాయి గారి మాట విని జంబో ఫ్రెట్లు వేయించాను. పదిహేనో ఫ్రెట్ బెండ్ ఇప్పుడు జారట్లేదు. కానీ ట్యూనర్ పెట్టి జీ కార్డ్‌లో ఒక్కో తీగా విడిగా చూశాను. మామూలుగా పట్టుకుంటే మూడో ఫ్రెట్ స్వరం సరిగ్గా ఉంది, చర్చిలో ఉత్సాహంగా వాయించినట్టు పట్టుకుంటే ముల్లు కుడి పక్కకి వెళ్లిపోతోంది, అంటే స్వరం పెరిగిపోతోంది. జంబోకే ఇలా ఉంటే స్కాలప్ మీద నా పరిస్థితి ఏంటో! 9 సెట్ తీసేసి 10 వేశాను, కాస్త నయం. తమలపాకులు కూడా కొన్నాను, ఇంట్లో వాళ్లు నాకు కిళ్లీ అలవాటైందని అనుమానపడుతున్నారు.

రాత్రి_రిఫ్:
సూపర్. మరి స్కాలప్ చేయించుకోమన్న నీ ఫ్రెండ్ తన గిటార్‌కి చేయించాడా?

సన్నతీగ:
అదే అడిగాను. వాడిది డ్రమ్స్ అట.