ముద్దాయి మౌనం సాక్ష్యపు గొలుసులో లంకె అవుతుందా?

నేను కావలిలో జూనియర్ న్యాయవాదిని. అమెరికా మాజీ ఫుట్‌బాల్ ఆటగాడు ఓ.జె. సింప్సన్ ముద్దాయిగా నిలిచిన హత్య కేసులో ప్రత్యక్ష సాక్షి లేడు. నెత్తుటి మరకల తోలు చేతితొడుగు జ్యూరీ ఎదుట ఆయన చేతికి సరిగా ఎక్కలేదు. 1995లో నిర్దోషిగా విడుదలైనా, రుజువు ప్రమాణం తక్కువగా ఉండే సివిల్ దావాలో 1997లో మరో జ్యూరీ ఆయననే బాధ్యుడని తేల్చింది. ఆ తేడా నన్ను చాలా రోజులు ఆలోచింపజేసింది.

మన సుప్రీంకోర్టు శరద్ బిర్ధీచంద్ శారదా తీర్పులో (1984), ప్రత్యక్ష సాక్షి లేని కేసులో నేరాన్ని సూచించే పరిస్థితుల గొలుసు పూర్తిగా ఉండాలనీ, ముద్దాయి చెప్పిన అబద్ధం తెగిన లంకెను అతికించదనీ స్పష్టం చేసింది. అయితే హత్య ఇంటి నాలుగు గోడల మధ్య జరిగినప్పుడు, పాత సాక్ష్య చట్టం 106వ సెక్షన్, అంటే ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమం 109, ముద్దాయినే వివరణ అడుగుతుంది. ప్రాసిక్యూషన్ ముందుగా ఎంతవరకు రుజువు చేస్తే ఆ వివరణ భారం ముద్దాయిపైకి మారుతుందో, అప్పుడు ఆయన మౌనాన్ని ఎలా చూస్తారో, నెల్లూరు, ఒంగోలు సెషన్స్ కోర్టుల్లో ఇలాంటి కేసులు వాదించిన పెద్దలు దయచేసి వివరించగలరా?