జాన్ ప్రైన్: కంపెనీ లేకుండా ఎదిగాడా, కంపెనీ పెంచాక బయటికొచ్చాడా?

తొలకరి:
నిన్న ఇంకో చర్చలో ఒకరు "లేబుల్ (రికార్డు కంపెనీ) అండ లేకుండా కంట్రీ పాటతో (అమెరికా పల్లె బాణీ పాటతో) బతకొచ్చు అనడానికి అమెరికన్ గాయకుడు, పాటల రచయిత జాన్ ప్రైనే సాక్ష్యం" అన్నారు. నేనొప్పుకోను. షికాగో పక్కన మేవుడ్‌లో ఉత్తరాలు పంచుతూ పాటలు కట్టుకున్న మనిషే, కాదనను. కానీ 1971 నుంచి 1980 దాకా ఏడు ఆల్బమ్‌లూ పెద్ద కంపెనీలకే చేశాడు. అట్లాంటిక్‌కి నాలుగు, అసైలమ్‌కి మూడు. 1981లో సొంత లేబుల్ ఓ బాయ్ రికార్డ్స్ పెట్టేనాటికే పేరుంది. ఊరూపేరూ లేనివాడు కొట్టు తెరిస్తే గడప తొక్కేదెవరు?

వేపచెట్టు:
పేరుంది సరే, అమ్మకాలేవండీ? ఆ కంపెనీలకి ఆయన కాసులు కురిపించిందేమీ లేదు. ఓ బాయ్ మొదలైనప్పుడు తర్వాతి ఆల్బమ్ ఖర్చుకి అభిమానులే ముందుగా డబ్బు పంపారు. రికార్డు చేతికి రాకముందే చెక్కు రాసి పోస్టులో వేయడమంటే మాటలా! 1991 ఆల్బమ్‌కి గ్రామీ వచ్చింది, అదీ సొంత లేబుల్ మీదే.

డల్లాస్ అల్లుడు:
మా టెక్సాస్ కంట్రీ గాయకుడు ఆరన్ వాట్సన్‌ని చూడండి. 2015లో సొంతంగా తెచ్చిన ఆల్బమ్, బిల్‌బోర్డ్ పత్రిక ర్యాంకులిచ్చే కంట్రీ చార్టులో వస్తూనే మొదటి స్థానం కొట్టింది. ఇక్కడి డ్యాన్స్ హాళ్లలో ఏళ్ల తరబడి పాడి సంపాదించుకున్న జనం వాళ్లు. అలాగని అందరూ వాట్సన్‌లు కాలేరు. మొన్న ఒక హాల్లో ఓ కుర్రాడు గంటన్నర పాడి, అదే చెమట చొక్కాతో టేబుల్ దగ్గర నిలబడి టీషర్టులు అమ్మాడు. చిల్లర తనే లెక్కపెట్టుకుంటున్నాడు. వ్యాను నడిపేదీ తనేనట.

తొలకరి:
నేననేదీ అదే. ఇంకోటి. ప్రైన్, మరో రచయిత రోజర్ కుక్ కలిసి రాసిన పాటను 1998లో కంట్రీ స్టార్ జార్జ్ స్ట్రెయిట్ పాడితే కంట్రీలో నంబర్ వన్ అయింది. ఆ రాయల్టీ వచ్చింది కంట్రీ పాటకి కేంద్రమైన నాష్‌విల్ పెద్ద కంపెనీ రికార్డు మీదే కదా? వద్దనుకున్న చోటే అన్నం దొరికింది.

వేపచెట్టు:
పొలం మనదైనప్పుడు ధాన్యం ఏ మిల్లుకి తోలితే ఏమిటండీ? 2018లో, 71 ఏళ్ల వయసులో, సొంత లేబుల్ మీద ప్రైన్ తెచ్చిన ఆల్బమ్, అన్ని రకాల ఆల్బమ్‌లూ ఉండే బిల్‌బోర్డ్ 200 చార్టులో 5వ స్థానానికి వెళ్లింది. అట్లాంటిక్ రోజుల్లో అంత ఎత్తు ఎప్పుడు చూశాడు?

తొలకరి:
2018 విషయంలో మీ మాటే నెగ్గింది, ఒప్పుకున్నా. పొలం మాత్రం పూర్తిగా ఆయనది కాదు. 2000లో తన పాత పాటలనే మళ్లీ పాడి ఓ బాయ్ మీద విడుదల చేశాడు. పాత రికార్డింగుల హక్కులు ఆయన చేతిలో ఉంటే ఆ అవసరమేముంది?

డల్లాస్ అల్లుడు:
ఆ పాత రికార్డూ, 2000 నాటిదీ రెండూ నా దగ్గరున్నాయి. 1998లో మెడకి క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక ఆయన గొంతు బాగా కిందికి దిగి గరగరలాడింది. ముసలివాళ్ల ఒంటరితనం మీద తన ఇరవైల వయసులో పాడిన పాట ఒకటుంది. ఓ రాత్రి రెండు రికార్డులూ వరసగా పెట్టాను. వంటింట్లోంచి మా ఆవిడ రెండోది విని, "అసలు పాట ఇదే కదూ?" అంది.