పీట్ బాగ్: 'ఊబిబొగ్గు' వద్దు, 'పాతర' అందామా?

పోయిన వారం ఇక్కడ ఒకరు 'పీట్ బాగ్'కి తెలుగు అడిగితే 'ఊబిబొగ్గు', 'బురదబొగ్గు' అని జవాబులొచ్చాయి. నేనూ ఒక వ్యాసం అనువదిస్తూ ఆ మాట దగ్గరే రెండు రోజులు ఆగిపోయాను. బొగ్గు అనడం నాకు నచ్చలేదు. ఎందుకో చెప్తాను.

నీళ్ళు ఎప్పుడూ నిలిచి ఉండే చలినేలల్లో స్ఫాగ్నమ్ అనే నాచు పెరుగుతుంది. పైన కొత్తది వస్తుంటే కిందది చచ్చి నీళ్ళలోనే ఉండిపోతుంది. అక్కడ గాలి ఆడదు, పైగా ఆ నీళ్ళు పుల్లన. అందుకని అది పూర్తిగా చివకదు. అలా చివకకుండా పేరుకున్న మొక్కల పదార్థమే పీట్, అది ఉన్న ఊబినేల పీట్ బాగ్. 'ఎరువు బాగా చివికిందా?' అని రైతులు అడుగుతారే, ఆ చివకడమే. పెంటదిబ్బ అడుగున నీళ్ళు నిలిచినచోట పారతో తిరగేసి చూడండి, గడ్డి కణుపులతో సహా అలాగే కనిపిస్తుంది. పీట్ కూడా అంతే, కాకపోతే లెక్క వేల ఏళ్ళలో. ఏడాదికి పెరిగేది సుమారు ఒక మిల్లీమీటరు. యూరప్, రష్యా, కెనడాల్లోని పీట్ చాలావరకు మంచుయుగం పోయాక, గత 12 వేల ఏళ్ళలో పేరుకున్నదే.

ఐర్లండ్‌లో దాన్ని ఇటుకల్లా కోసి, ఎండబెట్టి పొయ్యిలో పెట్టుకునేవాళ్ళు, నిజమే. బడిపుస్తకాల్లోనూ పీట్, లిగ్నైట్ అంటూ బొగ్గు వరసలోనే చెప్తారు. కానీ బొగ్గు అనగానే తవ్వి కాల్చేది అని మనసులో పడిపోతుంది. భూభాగంలో 3 శాతమే ఉన్న పీట్ నేలలు ప్రపంచంలోని అడవుల చెట్లన్నిటికన్నా ఎక్కువ కర్బనాన్ని దాచుకున్నాయి.

దాచడానికి మనకి మంచి మాట ఉంది: పాతర. కర్నూలు వైపు మా అవ్వావాళ్ళు గొయ్యి తవ్వి, చుట్టూ గడ్డి పేర్చి, జొన్నలు పోసి, పైన మట్టితో మూసేసేవాళ్ళు. గాలి చొరబడదు కాబట్టి ఏళ్ళ తరబడి పురుగు పట్టేది కాదట. మూత తీశాక వెంటనే ఎవర్నీ దిగనిచ్చేవాళ్ళు కాదు, లోపలి గాలికి ప్రాణం పోతుందని. ఒకసారి తెరిచాక మొత్తం తోడేయాల్సిందే, మళ్ళీ మూస్తే గింజ చెడిపోతుంది.

1996లో ఇండోనేషియా ప్రభుత్వం కాలిమంతాన్‌లో వరి పండించాలని సుమారు 10 లక్షల హెక్టార్ల పీట్ అడవుల్లో కాలువలు తవ్వడం మొదలుపెట్టింది. నీళ్ళు దిగిపోయాయి. మరుసటి ఏడాది కరువులో అంటుకున్న నిప్పు నేల లోపల నెలల తరబడి రగిలింది. పొగ సింగపూర్, మలేషియాల దాకా కమ్మింది. వరి మాత్రం సరిగా పండనే లేదు. ఇది చదువుతుంటే నాకు మూత తీసిన పాతరే కళ్ళముందు కనిపించింది.

కాబట్టి నా మాట: వస్తువుకి 'పీట్' అనే ఉంచుదాం, నేలకి 'పీట్ ఊబి', అది చేసే పనికి 'కర్బన పాతర'.

వ్యాఖ్య: బాగుందండీ, కానీ పాతర అంటే నాకు 'పాతరేయడం' గుర్తొస్తుంది, చంపి పూడ్చినట్టు. పైగా పాతరలో గింజలన్నీ కలిసిపోయి ఉంటాయి. పీట్‌లో ఒక్కో కాలానికి ఒక్కో పొర ఉంటుంది కదా. నీలగిరుల పీట్ చూసి 20 వేల ఏళ్ళ నాటి వాతావరణం చెప్పారని చదివాను.

జవాబు: అవునండీ, 1993లో అచ్చయిన పరిశోధన అది. పొడి వాతావరణానికి ఓర్చుకునే గడ్డిలోని కర్బనానికీ, తడికోరే మొక్కల కర్బనానికీ తేడా ఉంటుంది. ఆ తేడాని పొర పొరలో కొలిచి, మంచుయుగం ముదిరినప్పుడు మన రుతుపవనాలు బలహీనంగా ఉండేవని, తర్వాత బలపడ్డాయని తేల్చారు. దానికి 'పీట్ పొరలు' అంటే సరిపోతుంది. 'పాతరేయడం' గురించి మీరన్నది నిజమే, అయినా నాకు పాతర వదలబుద్ధి కావట్లేదు. కాంగో నదీ ప్రాంతంలో కొన్ని వేల ఏళ్ళ కిందట వానలు తగ్గి పీట్ ఆరిపోయింది. గాలి సోకేసరికి అప్పటిదాకా చివకనిది చివికి, కర్బనం గాలిలో కలిసిపోయింది. ఎవరూ కాలువ తవ్వకుండానే మూత తెరుచుకుందన్నమాట. ఇప్పుడు అక్కడ సుమారు 3,000 కోట్ల టన్నుల కర్బనం ఉంది. 'నిల్వ' అంటే ఈ మూత సంగతి తెలియదు.

పాతర నోటిని మూసే ఆ మట్టిపూతకి మీ వైపు పేరుంటే చెప్పండి. పీట్ మీద నిలిచే నీళ్ళకి అదే వాడదామనుకుంటున్నాను.