1970ల డిజాస్టర్ సినిమాలు: తెర మీద ఎవరున్నారు, మాట ఎవరిది చెల్లింది?

రీలుపెట్టె: మా ఫిల్మ్ క్లబ్‌లో 70ల హాలీవుడ్ డిజాస్టర్ సినిమాల (అగ్నిప్రమాదం, భూకంపం లాంటి విపత్తుల కథలు) మీద చర్చ పెడుతున్నాం. నల్లజాతివాళ్లను, ఆడవాళ్లను, వయసు మళ్లినవాళ్లను ఎలా చూపించారన్నది విషయం. 'ద టవరింగ్ ఇన్‌ఫెర్నో' (1974) ఖాయం చేశాం. దానికి జోడీగా ఏది వేస్తే బాగుంటుంది? ఎవరెవరు చచ్చిపోయారో లెక్కపెడితే సరిపోతుందా?

మార్నింగ్‌షో: చావుల లెక్క ఒక్కటే నమ్ముకుంటే దారి తప్పుతారండీ. వీటిలో హీరోలూ పోతారు. 'పొసైడన్ అడ్వెంచర్' (1972)లో జీన్ హ్యాక్‌మన్, 'ఎర్త్‌క్వేక్' (1974)లో చార్ల్‌టన్ హెస్టన్ చివర్లో పోయేవాళ్లే. ఆపద ముంచుకొచ్చాక ఒక్కో పాత్రకూ మూడు సంగతులు రాసుకోండి: ఉద్యోగం ఏమిటి, ఎవరి మాట మీద మిగతావాళ్లు కదిలారు, సొంత జీవితం ఎంత చూపించారు.

ఇన్‌ఫెర్నోలో జెర్నిగన్‌ని చూడండి (నల్లజాతి నటుడు ఓ.జె. సింప్సన్). భవనం సెక్యూరిటీ పెద్ద. చెవులు వినిపించని ఒక పిల్లల తల్లిని మంటల్లోంచి మోసుకొస్తాడు, ఆఖర్న ఒక పిల్లిని తెచ్చి ఫ్రెడ్ ఆస్టేర్ చేతిలో పెడతాడు. టైటిల్స్‌లో సింప్సన్ పేరు తెల్లనటులు రాబర్ట్ వాన్, రాబర్ట్ వాగ్నర్‌ల కంటే ముందే పడుతుంది. కానీ 165 నిమిషాల సినిమాలో అతని ఇల్లూ వాకిలీ ఏమిటో తెలీదు. ప్లాన్లన్నీ హీరోలు స్టీవ్ మెక్వీన్, పాల్ న్యూమన్ చేతుల్లోనే. పేర్ల పట్టీ మాత్రమే చూస్తే ఈ తేడా కనపడదు.

రీలుపెట్టె: మరి జోడీ? పొసైడన్ అనుకుంటున్నా.

ఇంటర్వెల్ సమోసా: ఆడవాళ్ల కోణానికైతే పొసైడనే. తలకిందులైన ఓడలోంచి బయటపడదామని పైకి బయల్దేరేది పదిమంది, అందరూ తెల్లవాళ్లే. బతికేది ఆరుగురు. రెండు జంటల్లోనూ భార్యలు పోతారు, భర్తలు మిగులుతారు. అందరికంటే ముందు పోయేది ఓడ లోపలి దారులు తెలిసిన వెయిటర్! బెల్ రోజెన్ (షెల్లీ వింటర్స్) లావు మీద జోకులు వేయించి, నీళ్లలో ఇరుక్కున్న హీరోని ఆమెతోనే కాపాడించి, వెంటనే గుండెపోటుతో చంపేస్తారు. ఆ పాత్రకు ఆస్కార్ నామినేషన్ వచ్చింది.

మార్నింగ్‌షో: నా ఓటు ఎర్త్‌క్వేక్‌కి. లాస్ ఏంజెలెస్‌కి టామ్ బ్రాడ్లీ 1973లోనే మేయర్ అయ్యాడు, ఆ ఊరికి తొలి నల్లజాతి మేయర్. మరుసటి ఏడు వచ్చిన ఈ సినిమాలో మేయర్ తెల్లాయనే (జాన్ రాండాల్ఫ్). నల్లజాతి నటుడు రిచర్డ్ రౌండ్‌ట్రీకి మోటర్‌సైకిల్ స్టంట్లు చేసే పాత్ర ఇచ్చారు. చివరి సొరంగం ఘట్టం మాత్రం హెస్టన్, జార్జ్ కెనెడీలది.

ఇంకో తమాషా: అందులో లోర్న్ గ్రీన్ (పుట్టింది 1915) ఆవా గార్డ్‌నర్‌కి (1922) తండ్రి. మన హీరోల అమ్మ పాత్రలు గుర్తొస్తే తప్పు మీది కాదు.

ఇంటర్వెల్ సమోసా: టైముంటే 'ఎయిర్‌పోర్ట్ 1975' (విడుదల 1974లోనే) నుంచి ఒక్క ముక్క వేయండి. పైలట్లు పనికిరాకుండా పోతే విమానాన్ని గాల్లో నిలబెట్టేది ఎయిర్‌హోస్టెస్ (కరెన్ బ్లాక్). దించడానికి మాత్రం హెస్టన్‌ని తాడుతో కాక్‌పిట్‌లోకి దింపుతారు. 'మాట ఎవరిది చెల్లింది' అన్న కాలమ్ ఎలా నింపాలో ముందుగా ఆ ముక్కతో చూపించి, తర్వాత అసలు సినిమా మొదలెట్టండి.