కొరియా బింగ్సుకు మన పూర్ణం సరిపోతుందా?

ప్రశ్న (అమలాపురం నుంచి):
సెలవులకు వచ్చిన పిల్లలు కొరియా సీరియళ్లలో చూసిన బింగ్సు (మెత్తగా గీకిన ఐసు మీద ఎర్ర గింజల తీపి ముద్ద లాంటివి వేసి ఇచ్చే చల్లని తీపి) కావాలని పట్టుబట్టడంతో, అర లీటరు గేదె పాలు కాచి చల్లార్చి, గిన్నెలో పోసి ఫ్రీజర్‌లో పెట్టాను. మర్నాటికి అవి ఇటుకలా బిగిసిపోయాయి; మిక్సీలో వేస్తే సగం నీరై, సగం గులకరాళ్లలా మిగిలాయి. యంత్రం లేకుండా మంచుపొడి లాంటి మెత్తదనం వస్తుందా? పైన వేసే ఎర్ర గింజల ముద్దకు బదులు బూరెల పూర్ణం వాడవచ్చా?

జవాబు 1 (రాజమహేంద్రవరం నుంచి):
గిన్నెలో లోతుగా పోయడమే పొరపాటండీ. దుకాణాల యంత్రంలో బాగా చల్లబడిన డ్రమ్ము మీద పాలు పలుచని పొరగా పడి, పడీపడగానే గడ్డకడతాయి, కత్తి ఆ పొరను గీకేస్తుంది. అందుకే ఐసు పలుకులు పెరిగే వ్యవధి ఉండదు. ఇంట్లో అయితే అర లీటరు పాలకు నాలుగైదు చెంచాల కండెన్స్‌డ్ మిల్క్ కలిపి, జిప్ కవర్‌లో పోసి, అట్టంత పలుచగా పరచి గడ్డకట్టించి, అప్పడాల కర్రతో కొట్టండి. చక్కెర ఉన్న పాలు రాయిలా బిగుసుకోవు. మన ఉక్కపోతకు నిమిషాల్లో కరిగిపోతాయి కాబట్టి వడ్డించే గిన్నెలను కూడా ముందే ఫ్రీజర్‌లో ఉంచాలి. కొరియాలో కొందరు ఇత్తడి వంటి లోహపు గిన్నెల్లో వడ్డించేది ఆ చల్లదనం నిలవడానికే.

జవాబు 2 (భీమవరం నుంచి):
నేను సియోల్‌లో రెండేళ్లు చదువుకున్నాను. పాత పద్ధతి పాట్‌బింగ్సులో ఉండేది మామూలు నీటి ఐసే. పాలను గడ్డకట్టించి గీకే పద్ధతి 2010 తరువాతి దశకంలో బాగా వ్యాపించింది. 'పాట్' అంటే ఆ చిన్న ఎర్ర గింజ, మన మినుములకూ బొబ్బర్లకూ దగ్గరి చుట్టం. అందుచేత శనగపప్పు పూర్ణం కంటే బొబ్బర్లే మేలని నా అభిప్రాయం. బూరెలకు చేసేంత గట్టిగా చేస్తే ఐసు తగలగానే పూర్ణం ముద్దకట్టి పళ్లకు అతుక్కుంటుంది. కొన్ని గింజలు చిదమకుండా వదిలి, చక్కెరతో గరిటజారుగా దించండి. బెల్లం వేయవద్దనను గాని, దాని వాసన పాలను మింగేస్తుంది. ఇంజొల్మి (సోయా పిండి అద్దిన బియ్యపు తీపి ముక్కలు) వేసే బింగ్సు మీద చల్లే వేయించిన సోయా పిండికి మాత్రం మన పుట్నాల పొడి చక్కగా సరిపోతుంది. రోజ్‌మిల్క్ సిరప్ పోసి బింగ్సు అనకండి, అది వేరే పానీయం.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. రోజ్‌మిల్క్ విషయంలో పిల్లలు ఒప్పుకోరేమో! మామిడి వేయాలంటే ఏ రకం మంచిది?

జవాబు 1:
ముక్కలు నిలవాలి కాబట్టి బంగినపల్లి. రసాలు పీచుతో జారిపోతాయి, వాటిని పిండుకుని విడిగా తాగడమే న్యాయం.